మార్కాపురంలో వెచ్చని సీటు

మార్కాపురంలో ఎండాకాలం కారెక్కేముందు సీటు మీద తడి తువ్వాలు పరుచుకుంటారు. మధ్యాహ్నం పూట స్టీరింగు ముట్టుకోవాలంటే చేతికి రుమాలు చుట్టుకుంటారు. అలాంటి ఊళ్లో ఉమామహేశ్వర్లు తన కారు సీటుకు వేడి పుట్టించే సామాను బిగించబోతున్నాడని తెలిసినప్పుడు జనం నవ్వారు. ఆయన ముఖం చూసి కాసేపు ఆపుకున్నారు. ఇంటికి పోయి భార్యలకు చెప్పి మళ్లీ నవ్వారు.

నవ్వనివ్వండి. ఉమామహేశ్వర్లు తెలివితక్కువవాడు కాదు. గుడి వెనక వీధిలో ఇనుప సామాను దుకాణం ఆయనది. మేకులు, గొళ్లేలు, తాళాలు, బోల్టులు, పలుగులు, పారలు, పురికొస ఉండలు. వాళ్ల నాయన ఆ కొట్టు పెట్టినప్పుడు ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. తరవాత ప్రకాశం జిల్లా వచ్చింది. బోర్డు మీద జిల్లా పేరు మార్చడానికి పెద్దాయనకు చాలాకాలం మనసొప్పలేదు. ఆ ఇంట్లో ఏ మార్పైనా అంతే, బయట జరిగిపోయాక ఎప్పటికో గడప దాటి లోపలికి వస్తుంది.

ఉమామహేశ్వర్లుకు ఉన్న లోపం ఒక్కటే. పట్టపగలు, గల్లాపెట్టె ముందు కూర్చుని, కళ్లు తెరుచుకునే కలలు కంటాడు. మేకులు అడిగినవాడికి గొళ్లెం ఇచ్చి, గొళ్లెం అడిగినవాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోతాడు. కొట్టు అరుగు మీద నిలబడితే పడమట నల్లమల నీలంగా, ఒక గీతలా కనిపిస్తుంది. వానాకాలం సాయంత్రాలు ఆ గీతను సముద్రం అనుకోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. అసలు సముద్రం తూర్పున ఒంగోలు పక్కన ఉందని అందరిలాగే ఆయనకూ తెలుసు. తెలిసి కూడా తన సముద్రాన్ని పడమటే ఉంచుకున్నాడు. కొడుకు ఎదిగి కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాక ఈ కలలకు తీరిక మరింత దొరికింది.

ఆయన భార్య కోటిరత్నం కలలు కనే రకం కాదు. కనిగిరి అవతల హనుమంతునిపాడులో చిల్లరకొట్టు పెట్టుకున్న శెట్టి కూతురు. పని ఉంటే లేస్తుంది, పని అయితే కూర్చుంటుంది. కొన్నేళ్ల కిందట వసారా మెట్టు మీద కాలు జారి నడుము పట్టేసింది. వెన్నుపూసల మధ్య ఏదో పక్కకు జరిగిందని, కోతలు అక్కర్లేదని, బరువులు మొయ్యొద్దని, కాపడం పెట్టుకోమని ఒంగోలు డాక్టరు చెప్పాడు.

కాపడానికి మార్కాపురంలో రబ్బరు సంచులు కొనాల్సిన పనిలేదు. ఊరి చుట్టూ పలక రాయి. పలకల ఫ్యాక్టరీ బయట పారేసిన పెంకు ఒకటి తెచ్చుకుని, పెనం మీద కాచి, పాత చీరలో చుట్టి నడుము కింద పెట్టుకుంటే చాలు. కోటిరత్నం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పలక కాచుకునేది. అది వెచ్చగా ఉన్నంతసేపు ఆమె మామూలు మనిషి. అది చల్లారిందంటే ముఖం ముడుచుకుపోయేది.

ఇంట్లో ఉన్నంతవరకు ఇలా గడిచిపోయేదే. కానీ గిద్దలూరులో ఆమె అక్క తులసమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట మొదట ముద్దగా వచ్చి, తరవాత రావడమే మానేసింది. కోడలు పార్వతి ఫోనులో కోటిరత్నం బొమ్మ చూపించేది. తులసమ్మ ఆ అద్దంలోకి ఒకసారి చూసి తల తిప్పుకునేది. తల్లి పోయాక కోటిరత్నానికి జడలు వేసి పెంచింది ఆ అక్కే. ఆమె తనను పూర్తిగా మరిచిపోయేలోపు ఎదుట పడాలని, తన నోటితో అక్కా అని పిలవాలని కోటిరత్నానికి ఒకటే పట్టుదల. ఆ పట్టుదల గురించి ఎవరితోనూ అనేది కాదు, అన్నం మాత్రం సగం తిని లేచేది.

రైలెక్కించాలంటే ఆ ఎత్తు మెట్లు ఆమె ఎక్కలేదు. కారులో రెండుసార్లు బయలుదేరారు. పలక కాచి, చుట్టి, నడుముకు ఆనించి కూర్చోబెట్టాడు ఉమామహేశ్వర్లు. రెండుసార్లూ కంభం చేరేసరికి పలక చల్లారింది. రెండోసారి రోడ్డు పక్కన టీకొట్టువాణ్ణి బతిమాలి పొయ్యి మీద పలక పెట్టించుకున్నారు కూడా. అప్పటికే నడుము బిగుసుకుపోయి ఆమెకు ఊపిరి తీసుకోవడమే కష్టంగా ఉంది. వెనక్కి తిప్పమంది. ఇంటికి వచ్చి కారు ఆపి చూస్తే చీర చెంగు నోట్లో కుక్కుకుని ఉంది.

ఆ తరవాత ఉమామహేశ్వర్లు కలలన్నీ ఒకే దారి పట్టాయి. చల్లారని పలక కావాలి. ఫోనులో అవీ ఇవీ వెతుకుతుంటే ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక గడ్డం మనిషి దొరికాడు. రేకుల షెడ్డులో కారు సీటు విప్పి, తోలు వలిచి, లోపల పల్చటి నల్లటి గుడ్డ అతికించి, రెండు తీగలు లాగి మళ్లీ మూసేస్తున్నాడు. సీటు వేడెక్కుతుందట. ఆ మనిషి మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి. చేతుల భాష ఇనుప సామాను అమ్మేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

రోజులు గడిచేకొద్దీ గడ్డం మనిషి ఆయనకు బాగా కావలసినవాడయ్యాడు. మధ్యాహ్నం కొట్టు ముందు రోడ్డు మరిగిపోతుంటే ఈయన మనసులో మంచు పడేది. గడ్డం మనిషి బూట్లు విదిలించుకుంటూ దుకాణం మెట్లెక్కి స్పానర్లు చూసి మెచ్చుకునేవాడు. అన్నా, మా దగ్గర ఎండ ఎక్కువైంది, కొంచెం తీసుకుపోతావా అని ఉమామహేశ్వర్లు మనసులోనే అడిగేవాడు. తిరుగు టపాలో కొంచెం మంచు పంపిస్తానని గడ్డం మనిషి చెప్పేవాడు. ఇంతలో ఎవరో వచ్చి తాళం అడిగేవారు.

ఫోనులోనే తెప్పించుకున్న సామాను అట్టపెట్టెలో వచ్చింది. నల్లటి పల్చటి ప్యాడ్లు రెండు, కూర్చునే చోటుకొకటి, వీపుకొకటి. ఒక స్విచ్చి, ఫ్యూజు, తీగలు. వాటిని చూపించడానికి మొదట ఎదురుగా ఉన్న బుడే సాహెబ్ దగ్గరికే పోయాడు. బుడే సాహెబ్ బండ్లకూ కార్లకూ సీట్లు కుడతాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివి ఒకే ఏడు తప్పినవాళ్లు, అప్పటినుంచీ బావా అంటే బావా అనుకునే వరస.

బుడే సాహెబ్ ప్యాడును అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, బల్ల మీద పెట్టాడు.

“సీటుకు ఫ్యాను పెట్టించుకున్నోళ్లను చూసినా బావా. పొయ్యి పెట్టించుకునేటోణ్ణి నిన్నే చూస్తాండా.”

సంగతి చెప్పాక నవ్వడం మానేశాడు. తను బిగించి పెడతానన్నాడు. ఉమామహేశ్వర్లు ఒప్పుకోలేదు. జీవితమంతా పనిముట్లు అమ్మాడే కానీ వాటితో ఒక్క పని చేసిన పాపాన పోలేదు. ఇంట్లో మేకు కొట్టాలన్నా మనిషిని పిలిపించేవాడు. కోటిరత్నం కోసం ఇన్నేళ్లలో తన చేత్తో చేసినది ఏముందని ఆలోచిస్తే ఏదీ తట్టలేదు. అది ఆయనను కొంచెం భయపెట్టింది కూడా. ఇది మాత్రం తనే చెయ్యాలి.

కారు పాతదే, తెల్లది. దాని ముందు ఎడమ సీటును ఊడదీయడానికి ఆయనకు ఒక పూట పట్టింది. నేలకు పట్టిన బోల్టులు తుప్పెక్కి కదల్లేదు. కిరసనాయిలు పోసి, కాసేపు కలగని, మళ్లీ తిప్పితే కదిలాయి. సీటును ఎత్తి తెచ్చి బుడే సాహెబ్ షాపు ముందు వేపచెట్టు నీడలో బోర్లించాడు. కవరు కింద ఇనుప రింగులతో స్పంజికి బిగించి ఉంది. వాటిని కత్తిరిస్తుంటే వేళ్లు తెగాయి. బుడే సాహెబ్ కుట్టుమిషను దగ్గర కూర్చుని, అడిగితే తప్ప చెప్పకుండా, చెయ్యి పెట్టకుండా చూస్తూ ఉన్నాడు. సీటు కుట్టేవాడికి ఇంకొకడు సీటు చింపుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో అతనికే తెలియాలి.

ప్యాడు అతికించాడు, కవరు మూశాడు, కొత్త రింగులు నొక్కాడు. బ్యాటరీ తీగ తీసేసి, ఫ్యూజు కలిపి, స్విచ్చికి డ్యాష్‌బోర్డు కింద కన్నం పెట్టి, మళ్లీ అన్నీ బిగించి, తానే కూర్చుని నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. ఏమీ కాలేదు. కాసేపటికి ఎవరో అరచెయ్యి మెల్లగా వీపుకు ఆనించినట్టయింది. మే నెల మధ్యాహ్నం అది. అద్దాలు మూసిన కారులో చెమటలు ధారగా కారుతుంటే ఉమామహేశ్వర్లు కళ్లు మూసుకుని నవ్వుకుంటూ కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, ఎండదెబ్బ అనుకుని, కొట్లో ఉన్న కొడుకుకు చెప్పి వెళ్లారు.

ఆ ఆనందంలో ఒక పొరపాటు ఆలస్యంగా తెలిసింది. వేడి తన నడుముకు సరిపోయింది. కోటిరత్నం ఆయన భుజం దాటదు. ఆమె కూర్చుంటే ఆ వెచ్చదనం భుజాల రెక్కల దగ్గర తగులుతుంది. మరునాడు కొట్లోంచి పురికొస ముక్క తెచ్చి, ఆమెను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడ మొదలవుతుందో చూపించమన్నాడు. ఊరంతా నవ్విన సంగతి ఇల్లు కదలని ఆమె చెవిన పడలేదు, కుర్చీకి దిండు కుట్టించాలని అబద్ధమాడాడు. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి చూపించింది. పురికొసను కూర్చున్న చోటునుంచి పైకి పట్టి అక్కడ ఒక ముడి, నొప్పి ఆగేచోట ఇంకో ముడి వేశాడు. రెండు ముళ్ల మధ్య జానెడు కూడా లేదు. ఇంత చిన్న చోటేనా తమను గిద్దలూరు పోనివ్వనిది అని ఆయనకు ఆశ్చర్యంగా, బాధగా ఉంది. సీటు మళ్లీ ఊడదీసి, రింగులు మళ్లీ కత్తిరించి, ప్యాడును ఆ ముళ్ల ప్రకారం కిందికి దించాడు. రెండోసారి వేళ్లు తక్కువ తెగాయి.

ఎండలు పోయి, వానలు వచ్చి పోయాయి. ఎండల్లో పోదామంటే వేడి మీద వేడి ఆమెకు పడదని ఆగాడు. వానల్లో రోడ్డు గుంతలని ఆగాడు. గిద్దలూరు నుంచి పార్వతి ఫోను చేసినప్పుడల్లా ఆగినందుకు తనను తాను తిట్టుకున్నాడు. ధనుర్మాసం వచ్చాక, చెన్నకేశవస్వామి గుడిలో తెల్లవారుజాము పూజ ముగిసిన ఒక పొద్దున, పలక కాచొద్దు, ఊరికే చీర మార్చుకుని రా అన్నాడు. కోటిరత్నం ఆయన కళ్లలోకి చూసి, ఏమీ అడక్కుండా వచ్చింది.

మంచు దిగి ఉంది. వీధి చివర ఏముందో కనిపించడం లేదు. కారు ఇంజను ముందే వేసి, సీటు వెచ్చబరిచి, ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు ఉమామహేశ్వర్లు. కోటిరత్నం మెట్లు దిగింది. గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి, కారు దగ్గరికి వచ్చి, వెనక తలుపు తీసి, వెనక సీట్లో కూర్చుని, చీర సర్దుకుని, తలుపు వేసుకుంది.

ఉమామహేశ్వర్లు తీసి పట్టుకున్న తలుపు తీసినట్టే ఉంది. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ చలిలో చెవులు వేడెక్కాయి. ఆమె ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది. కారు కొన్న కొత్తలో ముందు సీటు నాయనది. మామగారి ఎదుట కోడలు మొగుడి పక్కన కూర్చునే ఇల్లు కాదు అది. నాయన పోయాక ఆ సీట్లో గుంటూరు టోకు వ్యాపారి కూర్చున్నాడు, తిరునాళ్లకు పోతే కొబ్బరికాయల బుట్ట కూర్చుంది, మేకుల పెట్టెలు కూర్చున్నాయి. కంభం నుంచి రెండుసార్లు వెనక్కి తిరిగినప్పుడు కూడా ఆమె వెనకే ఉంది, ముందు సీటు ఖాళీగా ఉంది. గడ్డం మనిషి ముందు సీటు విప్పాడు కాబట్టి ఈయనా ముందు సీటే విప్పాడు. ఆమె నడుమును పురికొస ముళ్లతో కొలిచినవాడు, ఆమె ఎక్కడ కూర్చుంటుందని ఒక్కసారైనా అనుకోలేదు.

“రత్నం, ఈడికి రా. ముందుకు.”

“ముందుకేంది? అది మామ సీటు గదా.”

నాయన పోయి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు అంది. అందుకే ఆయనకు మరీ సిగ్గు వేసింది. జరిగిందంతా అక్కడే నిలబడి చెప్పేశాడు, అట్టపెట్టె దగ్గరనుంచి పురికొస ముళ్ల దాకా. కోటిరత్నం విన్నది. ఒక్క ముక్క నన్నడిగింటే చెప్పుదును గదా అని మాత్రం అంది. తరవాత దిగి, వీధి అటూ ఇటూ చూసి, పైట భుజం చుట్టూ కప్పుకుని, ఎవరింట్లోకో అడుగుపెడుతున్నట్టు ముందు సీట్లోకి వచ్చింది.

తర్లుపాడు వైపు మంచులో ఊళ్లు లేవు, చెట్లు లేవు. కారు ముందు కొంచెం రోడ్డు, అంతే. ఎదురుగా లారీ దీపాలు పసుపుగా పుట్టి పక్కనుంచి వెళ్లిపోతున్నాయి. కోటిరత్నం మొదట చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. నడుము దగ్గర వెచ్చదనం తగిలాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. మెల్లగా వీపు వాల్చింది. ఉమామహేశ్వర్లు రోడ్డు చూడ్డం మానేసి ఆమెను చూస్తుంటే, ముందు చూడమంది.

కొంత దూరం పోయాక సూర్యుడు మంచులోకి వచ్చాడు. కంది చేలు, వాటి మధ్య పలక గనుల నల్లటి గుట్టలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎదురుగా, అద్దం నిండా, నల్లమల.

“రోడ్డు ఇట్ల వస్తాదా మన మీదికి,” అంది కోటిరత్నం. “ఇన్నేండ్లూ మీ మెడ, మామ మెడ చూసుకుంటా పోయినా నేను.”

ఆయన బండి వేగం తగ్గించాడు. కంభం వచ్చింది, టీకొట్టు వచ్చింది, వెనక్కి పోయింది. ఇద్దరూ దాన్ని చూసి చూడనట్టు ఊరుకున్నారు. చెరువు మీద మంచు పొగలా లేస్తోంది. నొప్పి లేకపోలేదు, కానీ అది ఎక్కడో దూరంగా, పక్కింట్లో మాటల్లా ఉందని ఆమె తరవాత చెప్పింది. ఉమామహేశ్వర్లు ఆ దారంతా నిద్రలో బండి తోలుతున్నవాడిలా తోలాడు. అంత సంతోషం ఆయనకు మెలకువలో అలవాటు లేదు.

గిద్దలూరులో మాత్రం కల చెదిరింది.

తులసమ్మ వెనక గదిలో ఎత్తు తక్కువ మంచం మీద ఉంది. రెండు దుప్పట్లు కప్పారు. నడుము వల్ల కోటిరత్నం వంగలేదు. కింద కూర్చుంటే లేవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, అక్కా, నేను కోటిని అంది. తులసమ్మ పైకప్పు చూస్తోంది. మళ్లీ అంది. పార్వతి అత్త చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. తులసమ్మ కళ్లు ఒకసారి అటు కదిలి, కోటిరత్నం ముఖం దాకా రాకుండానే, ఆమె మోకాళ్ల దగ్గర ఆగి, మళ్లీ పైకి పోయాయి. పడుకున్న మనిషికి నిలబడ్డ మనిషి ముఖం అందలేదో, అసలు తెలియనే లేదో ఎవరు చెప్పగలరు. అత్త కుడి చెయ్యి ఎప్పుడు పట్టుకున్నా చల్లగానే ఉంటుందని, ఎన్ని కప్పినా వేడి నిలవదని పార్వతి చెబుతోంది. కోటిరత్నం నడుము బిగుసుకోవడం మొదలైంది. కాసేపు నిలబడి, ఇక వల్లకాక, బయటికి వచ్చి కారులో కూర్చుంది.

ఉమామహేశ్వర్లు స్విచ్చి వేశాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఏడవడం ఆయన చాలాకాలంగా చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఇంత దూరం వచ్చి అక్కకు కనపడకుండా పోతానేమోనంది. ఏడుపు అయిపోయాక ముఖం తుడుచుకుని, సీటును అరచేత్తో తడిమి చూసుకుంది. పని ఉంటే లేచే మనిషి గదా, లేచింది.

“అక్కను ఈడికి ఎత్తుకోని రమ్మనండి. ఈ సీట్లో కూర్చోబెట్టండి.”

పార్వతి భయపడింది. బయట చలి అంది. తులసమ్మ కొడుకు మాత్రం లోపలికి పోయి, తల్లిని దుప్పటితో సహా చేతుల మీద ఎత్తుకుని వచ్చాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు పెట్టి, బెల్టు వేశారు. చచ్చుబడిన పక్కకు వేడి ఎంతో తెలియదని ఉమామహేశ్వర్లు స్విచ్చి తగ్గించి, ఆమె వీపు వెనక తన చెయ్యి పెట్టి, చాలాసేపు ఉంచి చూశాడు. కోటిరత్నం చుట్టూ తిరిగి వచ్చి తోలేవాడి సీట్లో కూర్చుంది. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన, ఒకే ఎత్తులో, ఒకే అద్దంలోంచి ముందుకు చూస్తున్నారు. హ్యాండు బ్రేకు లాగి ఉంది. ఇంజను మెల్లగా ఆడుతోంది. కిటికీ అద్దం సగం దించి ఉంది. ఉమామహేశ్వర్లు బయట నిలబడ్డాడు. ఆయన కారులో ఆయనకే చోటు లేదు.

చల్లటి కుడిచేతిని కోటిరత్నం తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊరికే కూర్చుంది. ఏమీ పిలవలేదు, ఏమీ గుర్తుచెయ్యలేదు. ఎండ వీధిలోకి వచ్చింది. ఎదురింటి గోడ మీద కోడి నడుస్తోంది. తులసమ్మ తల దిండు మీదనుంచి కొంచెం కదిలింది. పెదాలు ఒక వైపే లేచాయి.

“పోదాం,” అంది.

పార్వతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెలల తరవాత వచ్చిన మాట అది. ఎవరితో అన్నదో, తెలిసే అన్నదో లేదో తెలియదు. కోటిరత్నం భర్త వైపు చూసింది. కారు తోలడం ఆమెకు రాదు, ఈ పొద్దుకు ముందు స్టీరింగు ముట్టుకోనైనా లేదు. ఆయన తలుపు తీసి, లేవమని, తాను తోలుతానని చెప్పబోయాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టింది. ఆయన ఎలా పట్టుకుంటాడో ఆ పొద్దున దారంతా చూసింది కాబట్టి సరిగ్గా అలాగే పట్టుకుంది.

“పోదాం అక్కా. యాడికి?”

కోటిరత్నం జవాబు కోసం ఆగలేదు.

“మన ఊరికే పోదాం, హనుమంతునిపాడుకు. ఇదిగో, గిద్దలూరు దాటినాం.”

స్టీరింగు కొంచెం తిప్పింది. కారు కదల్లేదు. ఎదురింటి గోడ ఎక్కడిదక్కడే ఉంది. కానీ కలలు కనడమే పనిగా బతికిన ఉమామహేశ్వర్లుకు ఆ గోడ వెనక్కి జరిగినట్టే అనిపించింది. జీవితంలో కల అంటే ఏమిటో ఎరగని మనిషి, ఆయన కళ్లెదుట, ఆయనకన్నా బాగా కల కంటోంది. కంభం చెరువు కట్ట వచ్చిందని చెప్పింది. నీళ్ల మీద తెల్ల కొంగలు ఉన్నాయంది. బేస్తవారిపేట సంతరోజు, జనం అడ్డం వస్తున్నారని నెమ్మదిగా పోనిచ్చింది. తరవాత మట్టిదారి. ఇటుపక్క సజ్జ చేలు, అటుపక్క కంది. ఎద్దులబండి ఒకటి దారి ఇవ్వకపోతే కోటిరత్నం హారను మీద చెయ్యి వేసింది. అది నిజంగానే మోగింది. వీధిలో ఇద్దరు ఆగి చూశారు. వాళ్లను పార్వతి సైగతోనే పంపేసింది.

తులసమ్మ ముందుకు చూస్తోంది. కళ్లు పైకప్పు వైపు పోవడం లేదు. కోడలు గానీ కొడుకు గానీ దగ్గరికి వస్తే అది చెదిరిపోతుందేమోనని అందరూ ఉన్నచోటే ఉండిపోయారు. ఉమామహేశ్వర్లు మోచెయ్యి కారు పైకప్పు మీద ఆనించి, కారు కదలకుండా పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు. ఇంజను మీద ఆయనకు ధ్యాస లేదు, పెట్రోలు మీద లేదు.

“ఊరొచ్చింది అక్కా. అదిగో మన వీధి.”

తులసమ్మ తల చాలా నెమ్మదిగా తిరిగింది. ఈసారి కళ్లు చెల్లెలి ముఖం దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. నుదురు, కళ్లు, ముక్కుపుడక, తెల్లబడిన చెంప వెంట్రుకలు అన్నీ తడుముకుంటూ పోయినట్టు పోయి, తిరిగి కళ్ల దగ్గరికి వచ్చాయి.

“కోటీ,” అంది. కొంచెం ఆగి, మాటను వెతుక్కుని, “నాయన దుకాణం తీసినాడా?”

నాయన పోయి, ఆ చిల్లరకొట్టు మూతపడి ఏళ్లయింది. అయినా కోటిరత్నం స్టీరింగు వదల్లేదు.

“తీసినాడు అక్కా. గడపలో నిలబడి మనకోసమే చూస్తాండాడు. దిగుదామా?”

తులసమ్మ అద్దంలోంచి చాలాసేపు చూసింది. ఆమెకు అక్కడ ఏం కనిపించిందో బయట ఉన్నవాళ్లకు తెలియదు. ఎడమ చెయ్యి దుప్పట్లోంచి తీసి, తన వీపు కింద వెచ్చగా ఉన్నచోటు తాకి, అక్కడే ఉంచుకుంది.

“వద్దు,” అంది. “ఈడ బాగుంది. ఇంకొంచెం పోనీ.”

కోటిరత్నం కళ్లు తుడుచుకుని స్టీరింగు తిప్పింది.